జెండాలో లేని ఎర్రనీరు

పక్కింటి పిల్ల నిన్న పొద్దున్న ఒక కాగితం పట్టుకొచ్చి, మన గోదావరి జెండాలో రంగుల అర్థాలు స్కూల్లో అప్పజెప్పాలి, తప్పులుంటే దిద్దండి టీచరుగారూ అంది. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, ఆకుపచ్చ అంటే వరిచేలు, తెలుపు అంటే మన మనసుల స్వచ్ఛత, నీలం అంటే గోదావరి, నడుమ వరికంకులు అంటే రైతు కష్టం అని వరసగా రాసి ఉంది. ఒక్క అక్షరం మారలేదు. ఆ మాటలు ఎవరివో కావు, నావే. తప్పుల్లేవమ్మా, వెళ్లిరా అని పంపేశాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా తరంవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా వైపు పెద్దమనుషులు కొందరు ఒక సంఘం పెట్టి, గోదావరి జిల్లాలకంటూ సొంత జెండా ఉండాలని తెగ హడావిడి చేశారు. నేనప్పుడు ధవళేశ్వరంలో కుట్టు టీచరుని, ఉద్యోగం ఇంకా టెంపరరీయే. సంఘానికి ప్రెసిడెంటుగారే మా స్కూలుకి కరస్పాండెంటు కావడంతో, జెండా గీసే పనీ కుట్టే పనీ రెండూ నా నెత్తిన పడ్డాయి.

మాది గోదారి మీద బతికిన ఇల్లు. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని రాజమండ్రి వీధులన్నీ తిరిగేది, నన్ను చదివించింది ఆ గంపే. జెండా సంగతి చెబితే నాన్న పొంగిపోయి, గోదారికి మాత్రం ఎర్రరంగు వెయ్యమ్మా అన్నాడు. గట్టు మీద నుంచి చూసేవాళ్లకి గోదారి ఏ రంగైనా కావచ్చు గానీ, మాకు కూడు పెట్టేది వానాకాలంలో పైనుంచి దిగే ఎర్రనీరే. అది తగిలితేనే పులస సముద్రం విడిచి ఎదురీదుకుంటూ వస్తుంది, ఆ నెలా రెండు నెలల వేట మీదే మా పేటలో పెళ్లిళ్లూ బడి ఫీజులూ అన్నీ నడిచేవి. ఆ రంగు గుడ్డ ఏ కొట్లోనూ దొరక్కపోతే, వలలకి పట్టించే బెరడు కషాయంలో తెల్లగుడ్డ నానబెట్టి, రెండ్రోజులు కూర్చుని నాన్నే రంగు తెప్పించాడు. కంకుల పక్కన నేనొక చిన్న నావ కూడా కుట్టాను.

కమిటీలో ఒకాయన, ఈ బురద రంగేంటండీ, మాసిపోయిందనుకోరూ అన్నారు. ఇంకొకాయన, ఎరుపు కనిపిస్తే ఏదో పార్టీవాళ్లమనుకుంటారండి అన్నారు. నావని చూసి మూడో ఆయన, చేపల కంపు కొడుతోందండోయ్ అని జోకేస్తే అందరూ నవ్వారు, నా బుద్ధి గడ్డి తిని నేనూ నవ్వాను. ప్రెసిడెంటుగారు మటుకు నెమ్మదిగా, నావ తీసేసి నీలం వేసెయ్యమ్మా, నీ పర్మనెంటు సంగతి కూడా ఈ నెల్లో చూద్దాం అన్నారు. అలాగేనండి అన్నాను.

జెండా ఎగరేసిన రోజు రంగుల అర్థాలు మైకులో చదివే పనీ నాదే. ఇంట్లో ముందే చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా అమ్మాయి కుట్టిన జెండాలో మన ఎర్రనీరుంది చూద్దురుగాని అంటూ పేటలో పదిమందిని వెంటేసుకొచ్చి, వెనక నిలబడ్డాడు. నీలం అంటే గోదావరి అని నేను చదువుతుంటే, ఆయన జెండాకేసి చూడటం మానేసి నాకేసి చూశాడు. చప్పట్లయ్యాక వెతికితే లేడు. ఇంటికెళ్లాక తిట్టినా బాగుండేది. ఎర్రనీరు ఏదమ్మా అని అడిగాడు, అంతే. తర్వాత పర్మనెంటు ఆర్డరు వచ్చిందని మిఠాయి పెట్టబోతే, పిల్లలకి పెట్టు అని లేచి రేవుకి వెళ్లిపోయాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా పెన్షను నాకొస్తోంది. ఎర్రనీరు ఇప్పటికీ ఏటా వస్తూనే ఉంది గానీ, దానికోసం రేవులో ఎదురుచూసేవాళ్లే కరువయ్యారు, మా పేట కుర్రాళ్లు కొవ్వూరు వైపు ఇసుక లారీల మీద పోతున్నారు. ఆ మధ్య మా తమ్ముడి మనవడు గోదారి బొమ్మ వేసి చూపించాడు, నీళ్లకి చక్కగా నీలం పూశాడు. మీ ముత్తాతలు వేటాడింది ఎర్రనీట్లోరా అంటే, అది మురికినీరు కదా మామ్మా అన్నాడు. ఇన్నాళ్లూ ఆ కమిటీవాళ్లని తిట్టుకుంటూ బతికాను. వాళ్లు తీసింది ఒక గుడ్డముక్కని. మైకు పట్టుకుని అందరికీ నీలమని చెప్పినదాన్ని నేను.