దొర నాగళ్ళకైనా వంతే

గండయ్య తుమ్మకర్రను మొద్దు మీద పెట్టి, ఎడమ కాలితో అదిమిపట్టి, బాడిశెతో దాని వీపు చెక్కుతున్నాడు. రాత్రి పడ్డ వానకు కొట్టం కప్పు ఇంకా బొట్లు రాలుస్తోంది. పెచ్చులు తడినేల మీద పడి అక్కడే అతుక్కుపోతున్నాయి. గోడ పక్కన గొంతుక్కూర్చున్న కుల్సుమ్ ఆ కర్ర మీది నుంచి చూపు తిప్పడం లేదు. ఆమె నాగలికీ కాడికీ నడుమ ఉండే పొడుగు కర్ర మొన్న మొరం నేలలో పెళ్ళున విరిగింది. ఇప్పుడు గండయ్య చెక్కుతున్నది దాని స్థానంలోకి వెళ్ళే కొత్త కర్ర.

"అన్నా, పొద్దుగూకకముందే అయితదా?"

"నువ్వు గట్ల గుడ్లప్పగించి చూస్తే కర్ర సిగ్గుపడి సాగుత లేదు చెల్లె. నీళ్ళు తాగిరా పో."

"తాగిన. కుర్మన్న ఎడ్లను తోలుకొని చేన్ల నిలవడ్డడు. మబ్బు ఇడిసింది. ఎండ కొడితె చలక ఎంతసేపు ఆగుతది?"

ఎంతసేపో ఆగదు. అది గండయ్యకూ తెలుసు. ఆ ఏడు, అంటే నలభై ఏడులో, మృగశిర ముఖం చూపించి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి కార్తెలు ఉత్త గాలితో గడిచాయి. పుష్యమి చివర ఒక్క వాన దంచి కొట్టింది. రావల్‌కోల్ చలకలు ఎర్ర మెట్ట నేలలు; వాటిలో పదును ఒకటి రెండు పూటలు నిలిస్తే గొప్ప. ఆ లోపల ఆముదం గింజ నేలలో పడాలి. పడకపోతే ఆ చేను ఆ ఏటికి మేకలదే.

కుల్సుమ్ పెనిమిటి వహాబ్ చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. దొరల వెట్టికి ఎదురు నిలిచిన సంఘం మనిషన్న నేరం తప్ప ఇంకో నేరం లేదు. ఆమెకు ఉన్నది ఒకటే ఎద్దు. గొల్ల కుర్మయ్యకూ ఒకటే ఎద్దు. రెండూ కలిస్తే ఒక జోడు. నాగలి కుల్సుమ్‌ది, దున్నేది కుర్మయ్య, వెనక గింజ వేసేది ఇద్దరి ఇళ్ళ ఆడవాళ్ళు. పోయినేడు ముందు కుర్మయ్య చేను దున్నారు కాబట్టి ఈ ఏడు ముందు కుల్సుమ్ చేను. ఈ మాట కాగితం మీద లేదు. తప్పితే మాత్రం ఊరు ముఖాన ఉమ్మేస్తుంది.

గండయ్య కొట్టంలోనూ అలాంటి మాటే ఒకటుంది. గోడ పొడుగునా నాగళ్ళు ఆనించి ఉంటాయి. ఎవరు ముందు తెస్తే వాళ్ళది ముందు. కొత్తగా తెచ్చినవాడు చివరి నాగలి పక్కన తనది ఆనించి వెళ్ళాలి. మధ్యలో దూర్చడానికి గండయ్య బామ్మర్దికి కూడా హక్కు లేదు.

ఈ వరుస వెనకటి నుంచి ఉన్నది కాదు. గండయ్య తండ్రి కాలంలో వానాకాలం రాగానే వడ్లాయన, అంటే ఊరి వడ్రంగి, దొర గడీకి పోవాలి. దొర నాగళ్ళు, దొర బండ్లు, దొర కాళ్ళ కింది పీట దాకా అన్నీ అయ్యాకే ఊరి వాళ్ళవి. కూలి అడిగితే చింతబరికె. దొర అరక కట్టి మొదటి సాలు వేసేదాకా ఊళ్ళో ఎవడూ కాడి ఎత్తకూడదు. ఆ లోపల పదును ఆరిపోతే అది ఆరిపోయిన వాడి కర్మ. సంఘం వచ్చాక గండయ్య, వహాబ్ కలిసి గడీ ముందుకు వెళ్ళి, ఇక వెట్టి చెయ్యమని చెప్పి వచ్చారు. వహాబ్‌కు ఆ రోజు తగిలిన దెబ్బలకు ఒక చెవి వినపడకుండా పోయింది. దెబ్బలు తగిలాయి గానీ వరుస నిలబడింది. సంఘం ఈ ఊరికి ఏం చేసిందని ఎవరైనా అడిగితే గండయ్య ఉపన్యాసం చెప్పడు. గోడ వైపు గడ్డంతో చూపించి పనిలో పడతాడు.

కొట్టం ముందు బండి ఆగిన చప్పుడైంది. దొర జీతగాడు ఇస్తారి బండి దిగి, పైనున్న నాలుగు నాగళ్ళను ఒక్కొక్కటే దించి, ఎడ్లను విప్పి మేతకు వదిలాడు. ఒక దానికి పిడి లేదు, మిగతా వాటి దుంపలు పగిలాయి. బండి వెనకనుంచి నరసింహ వచ్చాడు. శామీర్‌పేట వైపు గీతకార్మికుల ఇంటి పిల్లవాడు, సంఘం పనిమీద ఊళ్ళు తిరిగేవాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద.

"గండన్నా, మంచిగున్నవా?"

"నువ్వు దొర బండెనుక వస్తుంటే మంచిగుంటనా తమ్మీ?"

నరసింహ నవ్వి మొద్దు పక్కన కూర్చున్నాడు. "ముందుగాల నా మాట ఇను. స్టేట్ కాంగ్రెసోల్లు, మనం కలిసి పని జెయ్యాలని పైన అనుకున్నరు. ఇండియన్ యూనియన్ల కలవాలె అన్నకాడ మనకు వాళ్ళకు తేడ లేదు. రజాకార్లు ఊర్ల మీద పడ్తున్నరు. ఇంటిమీదికి దొంగలొస్తే పక్కింటోనితోని గెట్టు పంచాది ఆపమా?"

"ఆపుతం. దొంగలు పోయేదాక ఆపుతం. దానికి నేనెందుకు కాదంట?"

"గదే. ఈ ఊర్ల కాంగ్రెసంటె జనార్ధన్‌రెడ్డి దొరనాయె. నిన్న మాట్లాడిన. జెండా లేపే దినం తన బండ్లిస్త, తిండి పెడ్త అన్నడు. మాటల మాటగ నాగళ్ళ ముచ్చట తీసిండు. ముందుగాల నీ నాగళ్ళే చేపిస్త అని నేను మాటిచ్చిన. ఒక్కపూట పనే కదన్నా. దీనికోసం పొత్తు చెడగొట్టుకుంటమా?"

గండయ్య బాడిశె ఆపాడు. కుల్సుమ్ లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కపూటనే అన్నవు. గా ఒక్కపూటల కుల్సుమ్ చేను ఎండుతది. గది తెల్సా నీకు?"

"తెల్సు. నాకు మాత్రం బాధ లేదా? వహాబ్ నాకు అన్న. గనీ పార్టీ అన్నంక పెద్ద పనికి చిన్నపని ఆగాలె."

"ఎవని పని చిన్నది తమ్మీ? వహాబ్ చెవి పోయింది చిన్నపనికేనా?"

నరసింహ ముఖం ఎర్రబడింది. "నువ్వు మాటకు మాట పెంచకు. ఇది నా ఒక్కని మాట కాదు. వెట్టి సంగతి కొన్నాళ్ళు లేపొద్దని తీర్మానం. ఇననోని పేరు సంఘంల ఉండదు."

ఆ మాట గండయ్యకు గట్టిగానే తగిలింది. సంఘం లేకముందు అతను గడీ ముందు నుంచి చెప్పులు చేతపట్టుకొని నడిచినవాడు. నడుం ఎత్తి నిలబడడం నేర్పింది సంఘమే. ఆ పేరు పోతే మళ్ళీ ఒట్టి వడ్ల గండయ్య అయిపోతాడు. మళ్ళీ చెప్పులు చేతికి వస్తాయా అని భయపడ్డాడు. బాడిశె అంచును బొటనవేలితో తడిమి చూశాడు. పదునుగానే ఉంది. మళ్ళీ కర్ర మీద వంగాడు.

"పొత్తు సంగతి నాకు చెప్తున్నవు. కుల్సుమ్, కుర్మయ్య ఏండ్ల సంది పొత్తు చేస్తున్నరు. ఆమె ఎద్దొకటి, ఆయన ఎద్దొకటి. పోయినేడు ఆయన చేను ముందు, ఈ ఏడు ఈమెది ముందు. గది పొత్తు. మన ఎద్దును తీస్కపోయి దొర కాడికి కట్టి, దొర చేనే దున్ని, మనకు వచ్చేటేడు చూద్దమంటె దాన్ని పొత్తంటరా? ఎద్దును తోలిచ్చుడు అంటరు."

బండి పట్టె మీద కూర్చున్న ఇస్తారికి నవ్వొచ్చింది. దగ్గు తెచ్చుకొని కప్పిపుచ్చుకున్నాడు.

ఇంతలో దొరే వచ్చాడు. తెల్ల ఖద్దరు అంగీ, నెత్తిన కొత్త టోపీ. నిన్నమొన్నటి దాకా ఉన్న రుమాలు ఎటుపోయిందో. గండయ్య లేవలేదు. కాలి కింద కర్ర ఉంది, ఎలా లేస్తాడు? దొర దాన్ని చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

"ఏం గండయ్యా, పని మొదలు పెట్టినవా? నరసింహ చెప్పిండా? ఇగ మనమంత ఒక్కటే. పాతయి మరిసిపో."

"మర్సిపోత దొరా. ఒక్కటే అయినంక మీ నాగళ్ళు కూడ గా వరుస చివరన పెట్టిపియ్యుండ్రి. వంతు రాంగనే చేస్త."

దొర నవ్వు అంగీ అంత తెల్లగా లేదు. "వరుసేంది? నాకు వరుసా?"

"అందరం ఒక్కటే అన్నది మీరే గదా."

"నీ ముందట గీ తురకామె నాగలుంది. దీని మొగడు జైల్ల ఉన్నడు. రజాకార్లు రేపొచ్చి పడితె గీమెనే దారి చూపిస్తది. నువ్వు దీని కోసం నాకు అడ్డం తిరుగుతున్నవా?"

కుల్సుమ్ కొంగు నోటి మీంచి తీసేసింది. "నా మొగన్ని జైల్ల వేసింది సర్కారు దొరా. ఆయన దాక్కున్న జాగ చూపించింది మీ మనిషి. దారి చూపించేటోల్లు ఎవరో ఊరందరికి ఎరికే."

నరసింహ నేల చూశాడు. ఈ ముచ్చట అతనికి తెలియదని గండయ్యకు అర్థమైంది.

"సరే," అన్నాడు దొర చివరకు. "నీ ఇష్టం గండయ్యా. కుంట అవతలి తుమ్మలు నా పట్టావి. రేపటి సంది నీ గొడ్డలి గా దిక్కు పోతే నరికిన చెయ్యి నరికిపిస్త. దేనితోని చేస్తవో చూస్త నీ నాగళ్ళు."

"తుమ్మకు పట్టా తెల్వదు దొరా. మేక యాడ పెంటికలేస్తె గాడ మొలుస్తది. కుర్మయ్య మేకలు ఊరంత తిరుగుతయి."

ఇస్తారి ఈసారి దగ్గు తెచ్చుకోలేకపోయాడు. దొర అతని వైపు తిరిగి, "నవ్వుడు సాలు. నాగళ్ళు బండిల వెయ్యి. మెడ్చల్‌ల వడ్లోల్లు లేరా?" అని గద్దించాడు.

"ఏస్త దొరా. గనీ..."

"గనీ ఏంది?"

"ఎడ్లను ఇప్పి మేతకు తోలిన. ఎటు పోయినయో ఎతకాలె. జల్దీ దొరకయి."

అవి ఎటూ పోలేదు. కొట్టం వెనక కంచె దగ్గర మెడ తాళ్ళతో సహా గడ్డి పీకుతున్నాయి. దొర అటు వైపు చూడలేదు. బురదలో ఖద్దరు పంచె ఎత్తిపట్టుకొని వెళ్ళిపోయాడు. కొద్దిసేపు చూసి ఇస్తారి దిగి వచ్చాడు. నాలుగు నాగళ్ళనూ ఒక్కొక్కటిగా భుజాన వేసుకొని, గోడ పొడుగునా నడిచి, చివర ఉన్న నాగలి పక్కన ఒకదాని తర్వాత ఒకటి ఆనించాడు. "వంతొచ్చినంక చెప్పు పెదనాయినా," అన్నాడు.

నరసింహ లేచి నిలబడ్డాడు. "గండన్నా, దొర బండ్లు ఇగ రావు. జెండా దినం మనమే కష్టపడాలె."

"మోసుకపోదం. మనకు భుజాల్లేవా?"

"నేను కమిటీకి చెప్పక తప్పదు. మాటిచ్చింది నేను, చెడగొట్టింది నువ్వు."

"చెప్పు. దాయకు. నేను కూడ వస్త శామీర్‌పేటకు. కాంగ్రెసోల్లతోని కలువొద్దని నేను అనలే. గాంధీ టోపీ పెట్టుకున్నోల్లంత దొరలు కారు, నాకు తెల్సు. కలుద్దం. గనీ వెట్టి బంద్ అయింది బంద్ అయినట్టె ఉండాలె. గది ముందు మాట్లాడుకొని కలువుండ్రి. మెత్తగుంటె మొత్తబుద్ధి అయితది తమ్మీ. ఇయ్యాల నాగళ్ళు, రేపు గడీ కాడ పీట. ఎల్లుండి నన్ను మల్ల చెప్పులు చేతపట్టుకొమ్మంటరు. గప్పుడు ఏ జెండా లేపినా నాకేం కనవడ్తది? నడుం వంచినోనికి నేలనే కనవడ్తది."

"పేరు తీసేస్తె?"

"తీసేసుకోండ్రి. మల్ల నా కొట్టంకాడికే రావాలె మీరు. సంఘం గోడకు ఆనిచ్చి ఉన్నది."

నరసింహ ఒప్పుకున్నట్టు తల ఊపలేదు, కోపంగానూ లేడు. వెళ్తూ వెళ్తూ కుల్సుమ్ ముందు ఆగి, "వదినా, వహాబన్నను ఎవరు పట్టిచ్చిన్రో నాకు తెల్వకపాయె. తెలిస్తె మాటియ్యకపోదును," అన్నాడు. ఆమె, "పో బాబూ, వానకు బాట జారుతది, జర పైలం," అంది.

గండయ్య కొత్త కర్ర కొసను నాగలి దుంప బెజ్జంలోకి పెట్టి చూశాడు. బిగుతు ఎక్కువైంది. బయటికి లాగి, ఉలితో ఒక పొర తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి కూర్చుంది. చలక నేలకు నాగలి లోతుగా దిగితే అడుగున మొరం పైకి లేస్తుంది. అందుకే కొసను కొద్దిగా పైకి ఎత్తి నిలిపి, కిందినుంచి చీల దూర్చి, సుత్తెతో దాని తల మీద కొట్టాడు. ప్రతి దెబ్బకూ కొట్టం కప్పు మీది నీళ్ళు చిందాయి. ఇంకో చీల పక్కనుంచి దూర్చాడు. తర్వాత కర్రును దుంపకు బిగించి, మొత్తం నాగలిని ఒంటిచేత్తో ఎత్తి ఊపి చూశాడు. కదల్లేదు, కిర్రుమనలేదు.

కొద్దిసేపటి కింద వచ్చిన భయం ఇప్పుడు ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. ఉన్నా సరే అనుకున్నాడు.

"ఇగో చెల్లె. కుర్మయ్యకు చెప్పు, తొలిసాలు మెల్లగ దున్నుమను. కొత్త చీలలు. నడుమల బిగువు తప్పితె ఒక్క దెబ్బ వెయ్యమను, ఇడువకుమను."

కుల్సుమ్ ముందుకు వచ్చింది. ఆడది నాగలి ముట్టుకుంటే వాన పారిపోతుందని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆమె అదేం పట్టించుకోలేదు. తడిసిన కొంగును భుజం మీద మడిచి మెత్త చేసుకుంది. గండయ్య నాగలిని రెండు చేతులా ఎత్తి ఆ మడత మీద పెట్టి, బరువు సరిగ్గా కూర్చుందని తెలిశాకే చేతులు వదిలాడు.