ఎండలో కనబడని మంట

పెద్దమ్మ పోయిందన్న సంగతి నాకు మెట్‌పల్లి బస్సు డ్రైవరు చెప్పాడు. ఆయన మా బాపుకు దోస్తు. కరీంనగర్‌లో నేనుండే హాస్టలు ముందు బస్సు ఆపి, దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ పెద్దమ్మ పొద్దుగాల పోయింది బిడ్డా. తిప్పలు పడలే. చాయ్ పెట్టుకోని తాగి ఒరిగిందట, మళ్ల లేవలే."

ఏడుపు కంటే ముందు నాకొక ప్రశ్న వచ్చింది. ఆ చాయ్ ఏ పొయ్యి మీద పెట్టుకుంది? అది అడిగే సమయం కాదని ఊరుకున్నాను.

పెద్దమ్మ మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. భర్త తొందరగానే పోయాడు. పోలీసు చర్య తర్వాత హైదరాబాదు వెళ్ళి నర్సు పని నేర్చుకుని వచ్చింది. మగ్గాల ఇంట్లో పుట్టిన ఆడది అడవులు తిరిగే నౌకరీ చేయడమేమిటని కులంవాళ్ళు అన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఆదిలాబాద్ వైపు పల్లెలు ఆమెకిచ్చారు. బండి పోని దారులే ఎక్కువ. బాపు నేసిన ముతక బట్టతో కుట్టించుకున్న సంచి వీపున వేసుకుని నడిచి తిరిగేది. అందులో కత్తెర, దారం, దూది, కొన్ని మాత్రలు, ఒక చిన్న గిన్నె, అరచేతిలో పట్టే ఇత్తడి స్పిరిట్ పొయ్యి ఉండేవి. ఆ పొయ్యి వత్తికి కూడా మా మగ్గం కింద మిగిలిన నూలు పోగులే.

ఆ పొయ్యిని చూస్తే బాపుకు నవ్వు. "గింత పిడికెడు పొయ్యేంది వదినె? మంచి పంపు స్టవ్వు తీసుకోరాదు?"

"తీసుకుంట మరిదీ. మోసెటందుకు నువ్వొస్తవా మరి?"

పొయ్యి చిన్నదైతే సరిపోదనీ, అందులో పోసేది ఏమిటో తెలిసి ఉండాలనీ అనేది. కిరసనాయిలు ఈ పొయ్యిలో పోస్తే మసి వస్తుంది. గిన్నె నల్లబడుతుంది, చేతులు నల్లబడతాయి, ఆ చేతులతో బాలింతను ముట్టుకోవాలి. వడ్రంగులు పాలిష్‌కు వాడే రంగు స్పిరిట్ బాగానే మండుతుంది గాని, గాలి ఆడని గుడిసెలో కండ్లు మండిస్తుంది. ఆమెకు నచ్చింది దవాఖానాలో ఇచ్చే తెల్ల స్పిరిట్. తేలిక. పొగ లేదు, మసి లేదు, ఒలికి అంటుకున్నా నీళ్ళు పోస్తే ఆరిపోతుంది. దానికి ఒకటే దుర్గుణం. ఎండలో దాని మంట కంటికి కనబడదు. అందుకని సంచిలో ఒక గుడ్డ కొసన కాస్త ఉప్పు ముడివేసి ఉంచుకునేది. ఆ ఉప్పు కూరలోకి కాదని నాకు తర్వాత తెలిసింది.

ఎండాకాలం సెలవుల్లో కాన్వెంటు సిస్టర్ల బడి నుంచి వచ్చాక పెద్దమ్మ నన్ను తనతో తీసుకుపోయేది. నేను ఒక పుస్తకం పట్టుకుని వెనక నడిచేదాన్ని. కొత్తవాళ్ళు పలకరిస్తే బదులు చెప్పకుండా పుస్తకంలోకి తల దించేదాన్ని. "నోరు తెరువకున్న మంచిదే గని, కండ్లు తెరిచి నడువు. రాళ్లున్నయి," అనేది.

ఒక ఏడు మేము వెళ్ళేసరికి ఇప్పపూలు ఇంకా రాలుతున్నాయి. అడవంతా ఆ తీపి, మత్తు వాసన. టేకు ఆకులు ఎండి కాళ్ళ కింద పెళపెళమంటున్నాయి. ఒక ఇప్పచెట్టు కింద పూలు ఏరడానికి వచ్చిన గోండుల కుటుంబం కనబడింది. ముసలమ్మ, కొడుకు, నిండు చూలాలైన కోడలు. ఆమెకు అక్కడే నొప్పులు మొదలయ్యాయి. పల్లె దూరం. కదిలించే వీలు లేదు.

పెద్దమ్మను చూడగానే ముసలమ్మ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. అక్కడివాళ్ళు ఆమెను బాయి అని పిలిచేవాళ్ళు. "కిందటేడు దీని బిడ్డ దవడలు బిగుసుకోని పాయె. మేమే కొడవలితోని బొడ్డు కోసినం. ఈసారి నువ్వు కొయ్యాలె బాయి. గీ బిడ్డన్న నాకు దక్కాలె."

"దక్కుతది. ముందు కత్తెర మరగవెట్టనీ," అంటూ పెద్దమ్మ సంచి దింపింది.

స్పిరిట్ సీసా ఖాళీగా ఉంది. వేడికి బిరడా వదులై, దారి పొడుగునా కారిపోయింది. సంచి అడుగు తడిసి, ఆరిపోయింది కూడా. మామూలు రోజుల్లో ఆమె ముక్కు దాన్ని వెంటనే పట్టేది. ఆ రోజు అడవంతా వీస్తున్న ఇప్ప వాసనలో ఈ వాసన కలిసిపోయింది.

అక్కడ కట్టెలకు కొదవ లేదు. కాని పూలు ఏరేవాళ్ళు పొద్దున్నే, గాలి లేనప్పుడు, చెట్టు కింద ఆకులు జాగ్రత్తగా కాల్చుకుంటారు. వడగాడ్పు లేచాక కట్టెల మంట పెట్టరు. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు. గాడ్పు అప్పటికే చెట్ల కొనలను వంచుతోంది.

పెద్దమ్మ కాసేపు పొయ్యిని చేతిలో తిప్పింది. తర్వాత కొడుకును అడిగింది. "సారా ఉన్నదా?"

అతడు నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉన్నది బాయి. పని అయినంక తాగరాదు?"

"నాకు కాదు నాయినా. నా పొయ్యికి."

ముసలమ్మ సొరకాయ బుర్రతో సారా తెచ్చింది. పెద్దమ్మ పొయ్యిలో పోసి, వత్తి తడిపి, అగ్గిపుల్ల గీసింది. పుల్ల కాలింది గాని వత్తి అంటుకోలేదు; పైన అరచెయ్యి పట్టి చూస్తే వేడి తగల్లేదు. ఇంకొకటి గీసినా అంతే. వేలితో నాలుకకు రాసుకుని చూసి, ముసలమ్మ వైపు తిరిగింది.

"గిది నీళ్ల లెక్కున్నది గదనే అవ్వా."

"చుట్టాలకు పోసేది బాయి. మెత్తగ ఉంటది. నీ అసుంటిదానికి గొంతు కాలేది ఎట్ల ఇస్త?"

"నా పొయ్యికి మర్యాద వద్దు. మొదటి ధార కావాలె."

ముసలమ్మ చెట్టు కొమ్మ వైపు చూసింది. బట్టీలో మొట్టమొదట దిగిన సారా అక్కడే, చిన్న బుర్రలో, కొమ్మకు వేలాడుతోంది. అది దేవుడి కోసం తెచ్చింది. పూలు ఏరడం ముగిశాక చెట్టు మొదట్లో పోయాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టరు. పెద్దమ్మ కూడా ఆ బుర్రను చూసింది. కాని రెండోసారి అడగలేదు. కోడలి దగ్గర కూర్చుని, తడిగుడ్డతో ముఖం తుడవసాగింది.

కోడలు పళ్ళు బిగించి మూలిగింది. ముసలమ్మ లేచింది. కొమ్మ నుంచి బుర్ర తీసి చెట్టుకు ఆనించి, తన భాషలో ఏదో చెప్పుకుంది. తెచ్చి పెద్దమ్మ చేతికి ఇవ్వలేదు. పొయ్యి ఖాళీ చేయించి, తానే అందులో పోసింది.

పెద్దమ్మ సంచిలోంచి మడత రేకు తీసి, గాలి తగలకుండా పొయ్యి చుట్టూ నిలబెట్టి అగ్గిపుల్ల గీసింది. ఏమీ కనబడలేదు.

"ఇదీ మండలే," అంటూ కొడుకు ఇంకాస్త పోయడానికి బుర్ర వంచాడు. పెద్దమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగు. కనబడకుంటె లేనట్టేనా?"

గుడ్డ కొసన ముడి విప్పి, చిటికెడు ఉప్పు వత్తి మీద చల్లింది. పసుపు పచ్చని మంట లేచి నిలబడింది. అప్పటిదాకా అది అక్కడే ఉంది. కొడుకు బుర్రను రెండు చేతులతో వెనక్కి తీసుకున్నాడు. ముసలమ్మ మంటకు దండం పెట్టింది.

ఆ సారాలో నీళ్ళపాలు ఉంది కనుక వత్తి చిటపటలాడింది, నీళ్ళు నెమ్మదిగా కాగాయి. కాని కాగాయి. గిన్నెలో కత్తెర టకటకమని కొట్టుకుంటుంటే పెద్దమ్మ తొందరపడలేదు. ఇంకా మరగనిచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని నేను పుస్తకం కింద పెట్టానని నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

బుర్రలో అడుగున మిగిలిన చుక్కలను ముసలమ్మ చెట్టు మొదట్లో పోసింది. "దేవునికి తక్కువాయె గదనే," అన్నాడు కొడుకు.

"ఏం గాదు తియ్. వచ్చే యేడు రెండింతలు తాగుతడు," అంది ముసలమ్మ.

మరుసటేడు మేము పోయేసరికి ఆ పిల్ల చెట్టు కింద పాకుతూ, ఏరిన పూలు నోట్లో పెట్టుకుంటోంది. ముసలమ్మ ఆ పిల్ల బట్ట తొలగించి బొడ్డు పెద్దమ్మకు చూపించింది. పెద్దమ్మ చూసి తల ఊపింది, అంతే. అప్పటికే సీసా మార్చుకుంది, మర మూత ఉన్నది.

నా గురించి చుట్టాలు అనే మాట ఒకటుండేది. "ఇంగ్లీషు బడిల సదువుతది గని, గీ పిల్లల ఏం లేదు." ఒక పెళ్ళిలో నా ముందే అన్నారు. పెద్దమ్మ విస్తరిలోంచి తలెత్తకుండా, "ఉన్నది. మీకు కనబడ్తలేదు," అని అన్నం కలుపుకుంది. నేను ఇన్నేళ్ళు చదువుకోగలిగింది చాలావరకు ఆ మాట మీదే. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఆమెకు చెప్పనక్కరలేదనుకుంటాను.

దినాలు అయ్యాక సంచి నాకిచ్చారు. బాపు అడగకుండానే కొత్త వత్తి పేని ఇచ్చాడు. మిట్టమధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, పొయ్యిలో స్పిరిట్ పోసి, పుల్ల గీసి, గిన్నెలో చాయ్‌కి నీళ్ళు పెట్టాను.

బాపు వంగి చూశాడు. "అంటుకోలే బిడ్డా. ఇంకో పుల్ల గియ్యి."

సంచిలో ఉప్పు ముడి ఆమె కట్టినట్టే ఉంది. విప్పలేదు. గిన్నె పక్కన, కాస్త పైగా, అరచెయ్యి పట్టాను. వెచ్చగా తగిలింది. బాపు చెయ్యి కూడా తీసుకుని అక్కడ పట్టించాను. ఎండలో మా ఇద్దరి చేతుల కింద ఏమీ కనబడలేదు. గిన్నెలో నీళ్ళు సన్నగా వణకడం మొదలుపెట్టాయి.