ఏడుపు సీనులో కదలని అమ్మమ్మ

ఈ రోజు రాజమండ్రి గోదావరి గట్టు మీద సినిమా షూటింగులో లైట్ల పనికి వెళ్లాను. ఏడేళ్ల పాప ఏడవాల్సిన సీను. పాపకి తోడొచ్చిన అమ్మమ్మతో అసిస్టెంట్ డైరెక్టరు, "కాసేపు వ్యాను వెనక దాక్కోండి. వదిలేసి వెళ్లిపోయారని చెప్తే నిజంగానే ఏడుస్తుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

"నేనొచ్చింది దాక్కోడానికి కాదు బాబూ. ఏడవమని దాన్నే అడగండి, ఏడుస్తుంది."

అడిగారు. పాప ఒక్క టేకులో ముక్కు ఎర్రబడేలా ఏడ్చేసి, "చాలాండీ, ఇంకా ఏడవనా?" అంది.

పిల్లకి నటన వచ్చని ఆ యూనిట్ మొత్తంలో తెలిసింది ఒక్క అమ్మమ్మకే. మీకు తెలిసిన అలాంటి ఆవిడ ఎవరైనా ఉంటే చెప్పండి. రేపు బాకీ ఉన్న కూలి డబ్బులు అడగడానికి మా కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాలి, నాకూ తోడు కావాలి.