అవ్వ చేసిన రెండో ముద్ద

మా పక్క గదిలో ఉండే అవ్వ మొన్న మంగళవారం పోయింది. పొద్దున పాలు పోసే ఆమె తలుపు కొట్టి కొట్టి, పలక్కపోయేసరికి నన్ను పిలిచింది. నగర్తపేటలో ఒకే పంచ కింద ఎనిమిది గదుల వఠారం మాది. ఎనిమిదిండ్లవాళ్ళూ వచ్చినారు గానీ ఏడ్చింది నేనొక్కదాన్నే. ఎందుకు ఏడిస్తినో ఇప్పుడు చెప్పొచ్చు. తాను పోయినంక చెప్పమని అవ్వే నా దగ్గర మాట తీసుకుంది.

అవ్వకు డెబ్బై దాటినాయి. ఏ ఊరో ఎవరికీ తెలీదు, మాటను బట్టి మదనపల్లి పక్క అనుకునేవాళ్ళం. అంగళ్ళకు మల్లెపూలు కట్టిచ్చి బతికేది. మాట తక్కువ, తిండీ తక్కువే. అయినా దినమూ సాయంత్రం రెండు రాగిముద్దలు చేసేది. యుద్ధం రోజుల్లో రాగులకు రేషనంగడి ముందర గంటలకొద్దీ నిలబడాల్సి వచ్చినప్పుడు కూడా రెండే. నాదేమో ఊరుకునే నోరు కాదు. "ఒక్క పొట్టకు రెండు ముద్దలేంది అవ్వా, లోపల మొగుణ్ణి దాచిపెట్టుకోనుండావా?" అనేదాన్ని. "ఎవరన్నా వస్తే, అమ్మణ్ణీ" అని నవ్వేది. నేను చూసిన పదకొండేండ్లలో ఎవరూ రాలేదు. తెల్లారినాక ఆ ముద్దను ఆవుకు పెట్టేది.

పోయినేడు మా పేట దగ్గరి టాకీసుకు ఒక గజదొంగ సినిమా వచ్చింది. మా అవ్వల కాలంలో నిజంగానే కొండదారుల్లో బండ్లు దోచి, ఇద్దరిని చంపి, కడకు ఉరికంబమెక్కినవాడు. వాని పేరు చెప్తే పిల్లలు భయానికి గబగబా అన్నం మింగుతారు. నేనూ నా కొడుక్కి అట్లనే తినిపించేదాన్ని, గోడకవతల అవ్వ వింటానే ఉండేది. సినిమావాళ్ళు వాని చిన్నతనమని ఒక కథ అల్లినారు. అందులో తల్లి ఖాళీ కుండ చూపించి, ఆకలన్న పిల్లోణ్ణి కట్టెతో కొట్టి వానలోకి తోసేస్తుంది. ఆ దినమే వాడు మొదటి దొంగతనం చేస్తాడు.

మ్యాట్నీకి అవ్వను పిలుచుకొని పోయింది నేనే. ఆ సీను రాంగానే ఆడవాళ్ళ బెంచీల్లో అందరూ ముక్కులు చీదినారు. నేను ఊరుకుంటినా? "తల్లా అది, రాకాసి. దాన్ని ఉరి తీయాల్సింది" అని గట్టిగా అంటిని. అవ్వ లేచి బయటికి పోయింది.

పోయి చూస్తే మెట్లమీద కూర్చోనుండింది. "ఏమైందవ్వా, తల తిరిగిందా?" అని అడిగితిని.

"వాడు మా తమ్ముడు" అనింది.

నేనూ ఆ మెట్టుమీదనే కూర్చుంటిని. అవ్వే చెప్పుకుంటా పోయింది. "వాడు చేసింది తప్పే, అమ్మణ్ణీ. ఉరి తీసిరి, సరే. మా అమ్మ ఏం చేసింది? ఒక్కనాడు చేయెత్తలేదు. వాడెప్పుడు ఇల్లు చేరతాడో తెల్దు, వస్తే ఆకలితో వస్తాడని దినమూ ఒక ముద్ద గంప కింద పెట్టేది. వాణ్ణి ఉరి తీసినంక కూడా పెట్టింది. అమ్మ పోయినంక నేను పెడతాండా."

"మరి ఎందుకట్లయినాడు?"

"నాకు తెల్దు. మా అమ్మకూ తెల్లేదు. తెల్దని సినిమా తీస్తే ఎవరు చూస్తారు?"

కొంగుతో మొహం తుడుచుకొని నా చేయి పట్టుకుంది. "నేనుండంగ ఈ మాట చెప్పొద్దు, ఇంటాయన గది ఖాళీ చేయమంటాడు. పోయినంక మాత్రం మా అమ్మ అట్లాంటిది కాదని నలుగురికి చెప్పు. చెప్పేకి నాకింకెవరుండారు?"

అంత మాట అన్న నన్నే నమ్మింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు. ఆ దినం నుంచి నా కొడుక్కి ఏ పేరూ చెప్పకుండానే అన్నం పెడతాండా. తినకపోతే మానె.

సినిమా నాలుగు వారాలు ఆడింది. అవ్వ వారానికోసారి పోయేది. సినిమా మొదట్లో ఆ పిల్లోడు ఏట్లో ఈదుతా నవ్వుతాడు, ఆ నవ్వు తమ్మునిదేనంట. కుండ సీను రాకముందే లేచొచ్చేది. నేనూ తోడుపోతిని. మెట్లమీద శనక్కాయలు ఒలుచుకుంటా కూర్చుంటే, లోపల ఆడవాళ్ళు అవ్వవాళ్ళ అమ్మను తిట్టేది మాకు వినపడేది. అవ్వ చేతిలోని కాయలు నా ఒళ్ళో వేసేది. లోపలికి పోయి అది అబద్ధమని అరవాలనిపించేది. మాటిచ్చినాను కదా, నోరు కట్టుకొని ఉంటిని.

మీలో ఎవరైనా ఆ సినిమా చూసింటే, ఆ తల్లిని తిట్టింటే, నా మాట వినండి. ఆ ఇంట్లో వాని ముద్ద ఎన్నడూ తప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం అవ్వను సాగనంపినాక, అందరూ స్నానాలకు పోయినారు. నేనొక్కదాన్నే ఆ గదిలోకి పోతిని. పొయ్యి పక్కన ఆమె తిన్న తట్ట కడిగి బోర్లించి ఉండింది. దాని పక్కన గంప. ఎత్తి చూస్తిని. ముద్ద ఎండి పైన పగుళ్ళిచ్చింది. పులుసు పోసుకునేకి నడుమ అవ్వ బొటనవేలితో నొక్కిన గుంత మాత్రం అట్లే ఉండింది.