బీరువాలో తొమ్మిది రోజులు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, జూన్ నెల మొదట్లో, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరుగా చేరాను. హోదా పెద్దదే కానీ విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే. అక్కడ తీసే సీటీ స్కాన్ చిత్రాలన్నీ నా గది పక్కనున్న సర్వర్‌లోకి వచ్చేవి. కొత్తవాటికి రోజూ రెండో కాపీ తీసేవాణ్ణి. ఏడాది దాటినవి మాత్రం ఒక పాత డిస్కులో ఉండేవి, వాటికి కాపీ లేదు. చేరిన వారంలోనే ఆ సంగతి రాసి ఫైల్లో పెట్టాను. రాసేశాను కదా అని ఊరుకున్నాను కూడా.

హార్డ్ డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్కలో నేను చూసేవి ముఖ్యంగా రెండు అంకెలు. డిస్కు మీద కోట్ల కొద్దీ చిన్న గడులుంటాయి. ఏదైనా గడి చెడితే డిస్కు దాన్ని వదిలేసి, అదనంగా ఉంచుకున్నవాటిలో ఒకదాన్ని వాడుకుంటుంది. అలా ఎన్ని మార్చిందో మొదటి అంకె చెబుతుంది. చదవలేకపోతున్నా ఇంకా తేల్చుకోని గడులెన్నో రెండో అంకె చెబుతుంది. ప్రతి సోమవారం ఈ రెండూ రిజిస్టరులో రాసేవాణ్ణి. ఒక్క రోజు అంకెతో ఏమీ తెలియదు. పోయిన వారంతో పోల్చి చూడాలి. ఆగిపోయిన అంకె పాత మచ్చ, పెరిగే అంకె పుండు.

ఆ పాత డిస్కులో మొదటి అంకె జూన్ నుంచీ ఇరవై నాలుగు దగ్గరే ఉంది. నేను కంగారు పడలేదు. దసరాకు మూడు వారాల ముందు రెండో అంకె సున్నా నుంచి మూడైంది. మరుసటి సోమవారం పదకొండు. పాతదానిలోవన్నీ కాపీ చేయడానికి వెంటనే కొత్త డిస్కు కావాలని రాశాను. శరన్నవరాత్రులు మొదలైన రోజునే అది చేతికొచ్చింది.

ఆసుపత్రి పరిపాలనాధికారి ప్రసాద్ గారు మంచి మనిషి. "ఎలాగూ నవమి నాడు ఆయుధ పూజ చేస్తాం కదండీ. కొత్త వస్తువు, ఆ రోజే బొట్టు పెట్టి బిగిద్దాం. రిపోర్టులో పాస్ అనే ఉందిగా?" అన్నారు.

పాస్ అనే ఉంది. అది డిస్కు తనకు తాను ఇచ్చుకునే సర్టిఫికెట్టు. తయారుచేసినవాళ్లు గీసిన గీత ఇంకా దాటలేదని తప్ప దానికి అర్థం లేదు. ఆ మాట ఆయనకు చెప్పాల్సినవాణ్ణి నేనే. తల ఊపి కొత్త డిస్కును బీరువాలో పెట్టాను. పూజల మీద నాకేమీ ఫిర్యాదు లేదు, ఏటా నా స్కూటరు చేత నిమ్మకాయలు తొక్కించేవాణ్ణే. కానీ కాపీ తీయడానికి ముహూర్తం ఎందుకు? ఆ తొమ్మిది రోజుల్లో ఏ పూటైనా తీసి ఉండొచ్చు.

నవమి ఉదయం పదింటికి సర్వర్‌ని నా చేతులతోనే ఆపాను. దుమ్ము తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేశాం. కొత్త డిస్కు పెట్టెకూ ఒక బొట్టు పెట్టాం. కొబ్బరికాయ కొట్టి, పులిహోర తిని, గంట తర్వాత ఆన్ చేశాం. పాత డిస్కు సర్వర్‌కి కనిపించలేదు. లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కును ఆపి చల్లారనిస్తే మళ్లీ తిరగకపోవచ్చునని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు. డేటా వెలికితీసేవాళ్లకు హైదరాబాదు పంపాను. నెల పైనే పడుతుంది, ఏమీ రాకపోవచ్చు కూడా అన్నారు.

నాలుగు రోజులకు పామర్రు నుంచి రత్నకుమారి గారు వచ్చారు. స్కూల్లో టీచరు, ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే. దగ్గు తగ్గడం లేదని స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. రెండేళ్ల కిందటా మా దగ్గరే స్కాన్ తీయించుకున్నారు. అప్పటి కాగితంలో చిన్న మచ్చ అని ఉంది కానీ కొలత లేదు. ఇంట్లో దాచుకున్న ఫిల్ములు వానకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అప్పుడూ ఇంతే ఉంటే వదిలేయొచ్చు. పెరిగి ఉంటే క్యాన్సర్ అనుకోవాల్సిందే. సూదితో ముక్క తీయడానికి అందే చోటు కాదు.

స్కాన్లు చూసే డాక్టర్ సుజాత గారు నా గదికి వచ్చి, "పాత చిత్రం ఎప్పటికి ఇవ్వగలరండీ?" అని అడిగారు.

"చెప్పలేను మేడం," అన్నాను.

క్యాన్సర్ అయితే ఆగడానికి లేదు. పది రోజుల్లో ఆపరేషన్ చేసి ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశారు. పరీక్షలో క్యాన్సర్ కాదని, ఎప్పుడో మానిపోయిన జబ్బు తాలూకు మచ్చేనని తేలింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ దేవునికి స్తోత్రం చెప్పుకుని ఇంటికెళ్లారు.

ఐదో వారంలో హైదరాబాదు నుంచి పార్సిల్ వచ్చింది. చాలావరకు చిత్రాలు దొరికాయి, రత్నకుమారి గారివి కూడా. సుజాత గారు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి కొలిచారు. మచ్చ అంతే ఉంది. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నాకు సిగ్గేసింది.

"ఆమె బాగానే ఉన్నారు, ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకండీ?" అన్నారు ప్రసాద్ గారు. సుజాత గారు ఒప్పుకోలేదు. రత్నకుమారి గారు చెకప్‌కి వచ్చిన రోజు స్కాన్ సంగతి డాక్టరు గారు చెప్పారు, డిస్కు సంగతి నేను చెప్పాను. బీరువా విషయం కూడా దాచలేదు.

"అంటే, కొత్తది వచ్చిన రోజే పెట్టుంటే నాకీ కోత ఉండేది కాదాండీ?"

"ఉండేది కాదమ్మా."

ఆవిడ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "ఇప్పుడు చరణం మధ్యలో ఊపిరి అందట్లేదండీ. నేను ఆగిపోతే మిగతాది చర్చిలో వాళ్లు పాడేస్తున్నారు," అన్నారు.

మరుసటి సోమవారం నుంచి రిజిస్టరులో అంకెలకు ముందు ఒక గడి కొత్తగా గీశాను: రెండో కాపీ ఉందా, లేదా. లేదు అని ఉన్న డిస్కులో రెండో అంకె సున్నా నుంచి ఒకటైనా అదే పూట కాపీ తీసి, అమావాస్య అయినా సరే, డిస్కు మార్చేవాణ్ణి. తర్వాతి దసరాలకూ సర్వర్‌కి పూజ చేశాం, తిరుగుతుండగానే బొట్టు పెట్టాం. డిస్కు ఏ రోజు పోతుందో అంకెలు చెప్పవు. కాపీ లేదని మాత్రం నాకు జూన్‌లోనే తెలుసు. అంకె కదిలిన రోజే డిస్కు మార్చడానికి అది చాలు.