ఆరిపోయే ముందు ఊగిన మంట

ఇంధనం ఒకవైపు నుంచి, గాలి మరోవైపు నుంచి వచ్చి, కలిసిన చోట మండే మంట ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు ఆరుతుంది అన్నది ఆవిడ లెక్క. గణితశాఖలో జిరాక్సు యంత్రం పక్కనున్న ఇరుకు గదిలో, పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి కూతురు బడికి వెళ్లేదాకా అదే పని. "మా కోడలికి పొయ్యి ముట్టించడం రాదు గానీ, మంటల మీద డాక్టరేటట" అని అత్తగారు వచ్చినవాళ్లందరితో అనేది. ఆవిడా నవ్వేది.

ఒక వేసవిలో లెక్కలో వింత కనబడింది. మంట తిన్నగా ఆరిపోవడం లేదు. ఉబ్బుతోంది, కుంచించుకుంటోంది, మళ్లీ ఉబ్బుతోంది, అప్పుడు ఆరుతోంది. వేడి పాకినంత వేగంగా ఇంధనం పాకనప్పుడే ఇలా. పరుగున తన గైడు ప్రొఫెసరు గదికి వెళ్లింది. ఆయన గ్రాఫులోని గీతను చూసి కళ్లజోడు తీశాడు.

"ఊగేది మంట కాదమ్మా, నీ లెక్క. ఆ రెండు వేగాలూ సమానం అనుకో, సర్దుకుంటుంది."

సమానం అనుకుంది. సర్దుకుంది. ఊగని మంటతో పట్టా చేతికొచ్చింది. ఇంకెన్నాళ్లని అప్పటికే ఇంట్లో సణుగుడు. కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరిపోయింది.

కూతురు చదువు ముగించిన ఏడాది, ప్రొఫెసరుగారి సన్మానానికి పిలుపొచ్చింది. ఆయన తెర మీద వీడియో వేశాడు. ప్రయోగశాలలో నీలి మంట ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బి ఆరిపోయింది. సమీకరణాల్లో ఈ ఊపును తానెప్పుడో పసిగట్టానన్నాడు.

ఆవిడ లేచి నిలబడింది.

"అది నా లెక్కలో వచ్చింది సార్. మీరే తప్పన్నారు."

ఆయన తొణకలేదు. నా శిష్యురాలేనంటూ సభకు పరిచయం చేశాడు.

"అన్నాను, నిజమే. నువ్వెందుకు ఒప్పుకున్నావమ్మా?"

నవ్వులు, వెంటనే చప్పట్లు. జవాబు ఆవిడ దగ్గర లేకపోలేదు. కూతురి జ్వరాలు, ఇంటి సణుగుడు, థీసిస్ మీద కావలసిన ఆయన సంతకం. అదంతా నలుగురిలో విప్పి చెప్పేది కాదు. కూర్చుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, వదిలెయ్యమన్నాడు భర్త. ఆవిడ వదల్లేదు. సెలవు పెట్టి, ఆ లెక్కను మొదటినుంచీ చేసి పరిశోధన పత్రికకు పంపింది. తప్పేమీ లేదనీ, అయితే ఇప్పుడిది అందరికీ తెలిసిందేననీ రాసి తిప్పి పంపారు.

కూతురు ఆ జవాబు చదివి, "తప్పు లేదన్నారుగా అమ్మా" అంది.

"అన్నారు" అని ఆవిడ క్లాసుకు బయలుదేరింది.