పిడికెడు కోర్టు మట్టి

ఇస్హాక్ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు బక్కయ్య వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. ఫోన్ పెట్టేసి, మిగిలిన పళ్లు కూడా తోముకున్నాడు. బాధపడాలని తెలుసు, బాధ మాత్రం రాలేదు. ఒళ్లంతా మొద్దుబారింది. అరవై దాటిన ఆ మనిషికి తట్టింది ఒక్కటే: మధ్యాహ్నం నమాజులోపు పిడికెడు కోర్టు మట్టి తేవాలి.

గౌడవెల్లి కబడ్డీ క్లబ్బులో అదొక ఆనవాయితీ. జట్టులో ఎవరు పోయినా, ఆడిన కోర్టు మట్టి పిడికెడు పడందే గుంత పూడ్చరు. ఆ జాగా అంతా నల్లరేగడి. ఎండితే రాయి, పడితే మోకాళ్లు పగిలేవి. అందుకని మొదటి జట్టువాళ్లే ఎడ్లబండ్ల మీద ఎర్రమట్టి తోలి, జల్లించి పోశారు. ఏటేటా సున్నంతో గీతలు గీశారు. కూతకు వెళ్లడం బక్కయ్య వంతు, వచ్చినవాడి కాలు పట్టడం ఇస్హాక్ వంతు. ఇస్హాక్‌ది ఉడుంపట్టు. శామీర్‌పేట జట్టు మీద గెలిచిన రోజు ఊరు ఈ ఇద్దర్నీ భుజాల మీద మోసింది. మర్నాడు మళ్లీ కూలికే పంపిందనుకోండి. వీరయ్య పోయినప్పుడు, యాదగిరి పోయినప్పుడు మట్టి తెచ్చింది ఈ ఇద్దరే. ఇప్పుడు మొదటి జట్టులో మిగిలింది బక్కయ్య ఒక్కడే.

మరి కోర్టేది? నిరుడు ఆ జాగా అమ్ముడుపోయింది. అక్కడ అపార్ట్‌మెంటు లేస్తోంది. తవ్విన మట్టిని కిరాయికి తోలింది ఇస్హాక్ ట్రాక్టరే. ఆ కోపంతో బక్కయ్య అతనితో మాట్లాడటం మానేశాడు. మట్టి ఎటు పోయిందో అడగనూ లేదు.

క్లబ్బు పిల్లలిప్పుడు సుచిత్ర చౌరస్తా దగ్గర ఎక్కడో మ్యాట్ మీద ఆడుతున్నారు. వాళ్ల కెప్టెన్ సాయినాథ్ ఇంటికి వెళ్లి అడిగాడు బక్కయ్య.

"కప్పులన్నీ ఉన్నయ్ పెద్దనాయినా. మట్టి ఎవలు దాస్తరు?" అన్నాడు సాయినాథ్.

నిజమే. కప్పులను బీరువాలో పెట్టి తాళం వేశారు, పిడికెడు మట్టి దాచాలని ఒక్కడికీ తోచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇద్దరూ బండి మీద అపార్ట్‌మెంటు దగ్గరికి వెళ్లారు. పునాది నిండా కాంక్రీటు, గోడ పక్కన కంకర. బక్కయ్య ఆ కంకరనే చూస్తూ నిలబడిపోయాడు.

"ఇగ నడువు, టైమైతాంది," అన్నాడు సాయినాథ్.

ఖబరస్తాన్‌కు చేరేసరికి ఇస్హాక్‌ను గుంతలోకి దించుతున్నారు.

"మట్టి దొరకలే తాహా," అన్నాడు బక్కయ్య, ఇస్హాక్ కొడుకుతో. ఆ గొంతులో ఏడుపు లేదు, ఏమీ లేదు.

తాహా గుంత పక్కనున్న కుప్ప చూపించాడు. "గిది ఏంది మరి చాచా? ఈడ వానలకు నీళ్లు నిలుస్తున్నయని అబ్బా కోర్టు మట్టంత ఈడనే పోసిండు. నీకు జెప్పలేదా?"

చెప్పడానికి బక్కయ్య మాట్లాడితే కదా. వంగి పిడికిట పట్టాడు. ఎర్రటి మట్టి, మధ్యమధ్య తెల్లగా సున్నం పెళ్లలు. అందరిలాగే మూడు పిడికెళ్లు వేశాడు. నాలుగోది తువ్వాలలో మూట కట్టుకున్నాడు.

"గదెందుకు?" అన్నాడు సాయినాథ్.

"నాకు," అన్నాడు బక్కయ్య. "తెచ్చెటోడు పోయిండు గదా."